బొంతలో తెలుపు

బొంత కుట్టడానికేం కావాలని ఎవరినడిగినా, నాలుగు పాత చీరలు, ఒక సూది, దారపు ఉండ, కాస్త ఓపిక అంటారు. ఇవన్నీ ఉండి కూడా నేను మొన్న శీతాకాలంలో పదకొండు రోజులపాటు నట్టింట నేలమీద గుడ్డముక్కలు పరచుకుని, వాటిని ఇటునుంచి అటూ, అటునుంచి ఇటూ జరుపుతూ కూర్చున్నాను. వచ్చినవాళ్లు ముక్కలు తొక్కకుండా గోడవారగా నడిచి వంటింట్లోకి వెళ్లేవారు. మావారు ఒకరోజు తలుపు దగ్గర నిలబడి, "పేకాట ఎంతవరకు వచ్చింది?" అని అడిగారు. నాకు నవ్వు రాలేదు.

సంగతేమిటంటే, మా అమ్మాయి పురిటికి వచ్చింది. వచ్చిన నాలుగోరోజున, "అమ్మమ్మ చీరలతో ఒక బొంత కుట్టవే అమ్మా, పాపాయి కింద పరుచుకుంటాను" అంది. మా అమ్మ పోయి అప్పటికి పద్నాలుగు నెలలు. పట్టుచీరలు అక్కచెల్లెళ్లం ముగ్గురమూ పంచుకున్నాం గాని, నూలుచీరల జోలికి పోవడానికి ఎవరికీ చేతులు రాలేదు. అవి ట్రంకుపెట్టెలోనే ఉండిపోయాయి. మూత తీయగానే కలరా ఉండల వాసన గుప్పున కొట్టింది. లెక్కపెడితే పద్నాలుగు చీరలు.

అందులో ఎనిమిది రంగుచీరలు. చిలకపచ్చ మంగళగిరి చీర, దానికి ఎర్రటి అంచు. నాన్నగారు హైదరాబాదు వెళ్లినప్పుడు తెచ్చిన నారాయణపేట గళ్లచీర, మిరపపండు ఎరుపు. పెడన అద్దకపు చీర, ముదురు నీలం. అక్క తన మొదటి జీతంతో అమ్మకు కొనిపెట్టిన నేరేడుపండు రంగుది. ఇంకా వంగపండు రంగు, ఇటుకరంగు, తమలపాకు పచ్చ, నెమలికంఠం రంగు. మిగిలిన ఆరూ నాన్నగారు పోయాక పంతొమ్మిదేళ్లపాటు అమ్మ కట్టినవి. గంధపురంగువి రెండు, బూడిదరంగుది ఒకటి, ఉల్లిపొర రంగుది ఒకటి, తెలుపుమీద సన్నని నల్లచుక్కలవి రెండు. ఉతికి ఉతికి, పట్టుకుంటే పిల్లి పొట్టలా మెత్తగా ఉన్నాయి.

అక్క ఆ రెండు దొంతర్లనూ చూసింది. రంగువాటిని నావైపు జరిపి, లేతవాటిని మళ్లీ పెట్టెలో పెట్టేసింది.

"వీటితో కుట్టు. ఆ ఆరూ ముట్టుకోకు. పసిబిడ్డ కిందికి అవేమిటే?" అంది.

నేను మారు మాట్లాడలేదు. ఇరవయ్యో శతాబ్దంలో పుట్టి, ఇంత చదువు చదివి, ఇంకా ఈ జంకులేమిటని మీరనవచ్చు. కాని నాకూ లోపల ఎక్కడో ఆ జంకు లేకపోలేదు. తల్లి కాబోయే పిల్ల ఇంట్లో ఉన్నప్పుడు వాదించే ధైర్యం ఎవరికుంటుంది?

సరే, ఎనిమిది చీరలతోనే మొదలుపెట్టాను.

ముందు కొలతల సంగతి చెప్పేస్తాను. బొంత 3 అడుగుల వెడల్పు, 4 అడుగుల పొడుగు అనుకున్నాను. ముక్క 6 అంగుళాల చదరం. అడ్డంగా ఆరు, నిలువుగా ఎనిమిది, వెరసి 48 ముక్కలు. నాలుగువైపులా కుట్టులోకి అరంగుళం చొప్పున పోతుంది గనుక ముక్కను 7 అంగుళాలకు కత్తిరించాలి. ఇక్కడ చాలామంది పొరబడతారు. 6కే కత్తిరించి, కుట్టాక బొంత ఎందుకు చిన్నదయిందా అని చూస్తారు. నిలువుపోగు, అడ్డుపోగు చూసి తిన్నగా కత్తిరించాలి. ఐమూలగా కోసిన ముక్క సాగుతుంది, పక్కదాన్ని ఈడుస్తుంది. నూలుచీరయితే అంచున చిన్న గాటుపెట్టి చింపితే సరి, పోగువెంటే చినుగుతుంది. పాలియెస్టరు చీరలను నూలువాటితో కలపకండి. ఉతికితే నూలు ముడుచుకుంటుంది, అది ముడుచుకోదు. తర్వాత బొంతంతా బుడిపెలు. చీర ఎంత ఇష్టమైనదైనా సరే, చేతిలో పట్టి లాగితే చర్రున చిరిగే చోటు ఉంటే ఆ భాగం మధ్యపొరలోకి పోవలసిందే, పైకి పనికిరాదు.

ఇదంతా ఒక పూట పని. అసలు పని ఆ తర్వాత మొదలయింది.

ఏ ముక్కకాముక్క చూస్తే కళ్లకద్దుకోవాలనిపిస్తుంది. అన్నీ పక్కపక్కన పరిస్తే సంతలో బట్టల దుకాణం! నేరేడుపండు పక్కన నెమలికంఠం, దాని పక్కన ఎరుపు, దాని కింద వంగపండు. ఏదీ కనిపించడం లేదు, అన్నీ కేకలేస్తున్నాయి. ఎరుపునూ ఆకుపచ్చనూ చదరంగం పలకలా ఒకటి విడిచి ఒకటి పెట్టి చూశాను. అవి రెండూ ఎదురురంగులు గదా, చక్కగా విడివిడిగా కనిపిస్తాయని నా ఆశ. దగ్గరనుంచి చూస్తే బాగానే ఉంది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కు తిరిగితే అంతా కలిసి ఒక మట్టిముద్ద!

ఆదివారం మా అల్లుడు వచ్చాడు. నా అవస్థ చూసి సెల్‌ఫోనుతో ఫోటో తీశాడు. అందులో రంగులు తీసేసి, వెనకటి సినిమాల్లాగా నలుపుతెలుపుగా మార్చి, "చూడండత్తయ్యా" అని చూపించాడు. నాకు గుట్టంతా అందులోనే తెలిసిపోయింది. ఎర్రముక్క ఎక్కడుందో, తమలపాకు పచ్చ ఎక్కడుందో అందులో తెలియడం లేదు. చిలకపచ్చ ఒక్కటి కాస్త తేలికగా ఉంది. మిగతావన్నీ ఒకే బూడిదరంగు.

రంగుకు రెండు గుణాలున్నాయి. ఎరుపా, నీలమా, పచ్చా అన్నది ఒకటి. లేతా, ముదురా అన్నది రెండోది. చీర కొనేటప్పుడు మనం చూసేది మొదటిది. బొంతలో పనిచేసేది రెండోది. ముక్కల మధ్య గీత కనిపించేదీ, ఒకటి ముందుకు వచ్చి ఇంకొకటి వెనక్కు తగ్గినట్టు తోచేదీ, దూరం నుంచి చూసినప్పుడు ఒక ఆకారం ఏర్పడేదీ ఈ లేత ముదురుల తేడా వల్లనే. ఆ తేడా లేకపోతే ఎనభై రంగులున్నా ఒకటే ముద్ద. తేడా ఉంటే రెండే రంగులు చాలు. మన సంక్రాంతి ముగ్గు చూడండి. పేడనీళ్లు చల్లిన నేల, తెల్లటి పిండి, అంతే గదా!

ఫోను లేనివాళ్లు దిగులుపడనక్కరలేదు. కళ్లు సగం మూసి, రెప్పల సందునుంచి చూడండి. చిన్నచిన్న పువ్వులూ గళ్లూ చెరిగిపోయి వెలుగునీడలు మాత్రం మిగులుతాయి. సందెవేళ దీపం పెట్టకముందు చూసినా కొంతవరకు అంతే. కాని ఇందులో ఒక తిరకాసు ఉంది. మన కంటిలో రంగులు తెలుసుకునే కణాలు వేరు, మసకవెలుతురులో పనిచేసే కణాలు వేరు. చీకటి పడేకొద్దీ పని రెండోవాటి చేతికి వస్తుంది. వాటికి ఎరుపు దాదాపు కనబడదు, నీలం బాగా తెలుస్తుంది. అందుకే సందెచీకట్లో పెరట్లోని ఎర్రమందారం ముందు నల్లబడుతుంది, శంఖుపువ్వు ఇంకా కాసేపు నిలుస్తుంది. పుర్కిన్యే అనే చెక్ దేశపు శాస్త్రజ్ఞుడు పందొమ్మిదో శతాబ్దంలోనే దీన్ని గమనించి రాశాడు. కనుక సందెవేళ చూసి ఎరుపు మరీ ముదురని తీర్మానించకండి. పొద్దున ఇంకొకసారి చూడాలి.

నేను ముక్కలను మూడు కుప్పలు చేశాను. ముదురువి, మధ్యరకంవి, లేతవి. మొదటి రెండూ కొండల్లా ఉన్నాయి. మూడో కుప్ప లేనేలేదు. లేతవన్నీ పెట్టెలో ఉన్నాయి గదా!

అక్కను కదపడం దేనికని బజారుకు పోయి మూడు మీటర్ల కొత్త తెల్లగుడ్డ తెచ్చాను. తడిపి ఆరేసి, ముక్కలు కోసి, మధ్యమధ్య వేశాను. ఇక చూడండి, అమ్మ చీరలన్నీ మాసిన గుడ్డల్లా అయిపోయాయి! నిన్నటిదాకా నిండుగా ఉన్న వంగపండు రంగు వెలిసిపోయి కనబడింది. ఇటుకరంగు మురికిగా ఉంది. తెల్లముక్కలేమో కాగితాలు అతికించినట్టు మెరుస్తున్నాయి. గుడ్డ మీద దోషమేమీ లేదు, రంగుల మీదా దోషం లేదు. ఒకదాని పక్కన ఒకటి ఉండడమే వచ్చిన చిక్కు.

ఇలాంటి చిక్కే రెండువందల ఏళ్లకిందట ప్యారిస్ నగరంలో గోబెలీన్ నేతశాలకూ వచ్చింది. గోడలకు వేలాడదీసే చిత్రాల తెరలు నేయడంలో దానికి పెద్ద పేరు. అక్కడి అద్దకపు విభాగానికి 1824లో షెవ్రూల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు అధికారిగా వచ్చాడు. అంతకుముందు ఆయన కొవ్వులమీదా సబ్బులమీదా పరిశోధనలు చేసినవాడు. నీలం, ఊదా నేతలో నీడలకోసం వేసే నల్లనూలు నల్లగా కనిపించడం లేదని నేతపనివారి ఫిర్యాదు. ఆయన ఆ నూలు తీసుకుని పరీక్షించాడు. అద్దకంలో లోపమేమీ లేదు. నీలం పక్కన, ఊదా పక్కన పడటం వల్లనే నలుపు బలహీనంగా తోస్తున్నది! పక్కపక్కన ఉన్న రెండు రంగులు ఒకదాన్నొకటి మారుస్తాయని, లేతదాని పక్కన ముదురు మరింత ముదురుగానూ, ముదురుదాని పక్కన లేత మరింత లేతగానూ కనబడతాయని ఆయన తేల్చాడు. 1839లో ఈ విషయంమీద పెద్ద పుస్తకమే ప్రకటించాడు. తర్వాత చిత్రకారులు దాన్ని చదువుకున్నారు. ఆయన 102 ఏళ్లు బతికి 1889లో పోయాడు.

మన ఇళ్లలో ఈ శాస్త్రం తెలియనిదేం కాదు. చీరమీదికి రవిక ఎంచేటప్పుడు కొట్టువాడి దీపం కింద కాదు, వాకిట్లోకి తెచ్చి చీరకు ఆనించి చూస్తాం. రవికగుడ్డ విడిగా ఎంత బాగుంటే ఏం లాభం? పెళ్లిచూపులకు వెళ్లేటప్పుడు పెళ్లికూతురి పక్కన ఎవరిని కూర్చోబెట్టాలో కూడా మన పెద్దవాళ్లు బాగా ఆలోచించేవారు!

కొత్త తెలుపు తీసేశాను. ఇంకేం తోచక, ఆ సాయంత్రం అక్క గుడికి వెళ్లినప్పుడు పెట్టె తెరిచి, గంధపురంగు చీర ఒకటి తీసి, మడతలు విప్పి నేలమీద పరిచాను. కత్తిరించలేదు. ఊరికే దానిమీద రంగుముక్కలు దూరదూరంగా పేర్చాను.

ఎలా చెప్పను? ముక్కలు ఊపిరి తీసుకున్నట్టయింది. నేరేడుపండు తన రంగులోకి వచ్చింది. నారాయణపేట గళ్లలో సన్నని తెల్లపోగు ఉందన్న సంగతి అన్నిరోజుల తర్వాత అప్పుడు కనిపించింది. అమ్మ చీరలన్నీ ఒకే చేతికింద, ఒకే నూతినీళ్లలో, ఒకే ఎండలో నలిగినవి. ముదురురంగులూ అంతే నలిగాయి, లేతవీ అంతే నలిగాయి. వాటిలో ఒకటి ఇంకొకదాన్ని చిన్నబుచ్చదు.

తీసి దాచేద్దామనుకున్నాను. కాని ఎందుకో అలాగే వదిలేసి దీపం ఆర్పేశాను.

పొద్దున నేను లేచేసరికి అక్క కాఫీగ్లాసుతో అక్కడే నిలబడి ఉంది. "ఇది ఏ తెలుపే?" అని అడిగింది. ఆవిడకు తెలియక కాదు. ఆ చీర కట్టుకునే అమ్మ ఆవిడ దగ్గర చివరి ఆరునెలలూ మంచంలో ఉంది.

చనిపోయినవాళ్ల బట్టలతో బొంత కుట్టవచ్చునా అన్నది మా ఇంట్లోనే పుట్టిన ప్రశ్న కాదు. అమెరికాలో, అలబామా రాష్ట్రంలో, నది వంపులో గీస్ బెండ్ అనే ఊరుంది. వెనక బానిసలుగా పత్తిచేలలో పనిచేసినవారి సంతతి అక్కడివారు. చలికి తట్టుకోవడానికి పాతబట్టలతో బొంతలు కుట్టుకునేవారు. 1942లో ఆ ఊరి ఇల్లాలు మిస్సూరీ పెట్‌వే, భర్త పోయాక ఆయన పొలంపనికి వేసుకున్న బట్టలు తీసి, కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని బొంత కుట్టింది. ఆయన్ను తలుచుకోవడానికి, ఆ వెచ్చదనం కింద పడుకోవడానికి కుట్టుకుంటున్నానని కూతురితో చెప్పిందట. ఆ ఊరివాళ్లు పనిబట్టలతో కుట్టిన బొంతల్లో వెలిసిన గుడ్డ మధ్యలో ఒక్కోచోట జేబు ఊడదీసిన మేర ముదురుగా మిగిలి ఉంటుంది. ఎండ తగలని చోటది. అలాంటి బొంతలను 2002లో హ్యూస్టన్ నగరపు కళాప్రదర్శనశాలలోను, తర్వాత న్యూయార్కులోను గోడలకు తగిలించి చూపారు. 2006లో వాటి బొమ్మలతో ఆ దేశపు తపాలా బిళ్లలు కూడా వచ్చాయి. చలికి కుట్టుకున్నవి గోడలెక్కాయి. వాళ్లు రంగుల శాస్త్రం ఏ బడిలోనూ చదవలేదు. ఉన్న బట్టలు తక్కువ, అందుచేత ప్రతిముక్కనూ రెండుసార్లు చూసేవారు కాబోలు.

ఈ కథ నేను అక్కకు చెప్పాను. ఓపిగ్గా విని, "వాళ్ల ఆచారాలు వాళ్లవి" అంది.

మధ్యాహ్నం మా మేనత్త వచ్చింది. ఎనభై ఆరేళ్లు. మోకాళ్లనొప్పులున్నా ముక్కల పక్కన నేలమీదే చతికిలబడింది. చుక్కల చీర చేతిలోకి తీసుకుని, బొటనవేలితో రుద్ది చూసింది.

"పుట్టినబిడ్డకు మొదట ఏ బట్ట వేస్తారే?" అంది అక్కతో.

"పాతబట్ట" అంది అక్క.

"ఎవరిది?"

"పెద్దవాళ్లది."

"మీ అమ్మ పెద్దది కాదూ? ఎనభై రెండేళ్లు బతికింది. ముగ్గుర్ని కని, ఆరుగురు మనవలకు నీళ్లు పోసింది. బిడ్డ ఒంటికి ఒరుసుకోనిది ఈ గుడ్డే. ఆ కొత్తది వేసి చూడు, వీపు కందిపోతుంది." అని, అక్కడితో ఆపక, "మీ నాన్న పోయాక మీ అమ్మకు రంగుచీరలు మానిపించినవాళ్లలో నేనూ ఒకదాన్నే" అంది.

కాసేపు ఎవరమూ మాట్లాడలేదు. అక్క లోపలికి వెళ్లి, మిగిలిన అయిదు లేతచీరలు తెచ్చి నా పక్కన పెట్టింది. "చుట్టూ మాత్రం ఎర్ర అంచు వెయ్యాలి. లేకపోతే నేనొప్పుకోను" అంది.

అక్కణ్ణించి పని చకచకా నడిచింది. 48 ముక్కల్లో లేతవి 22, మధ్యరకంవి 14, ముదురువి 12 అని తేలింది. లేతవి సగానికి దగ్గరగా ఉండటం చూసి భయపడకండి. రంగు కనబడేది వాటి పుణ్యానే. మిరపపండు ఎరుపు అయిదే అయిదు వేశాను. అది అన్నంలో ఆవకాయలాంటిది. కలిపిన ముద్దలన్నీ ఎర్రగా ఉండనక్కరలేదు, నోటికి తగిలితే చాలు. ఆ అయిదింటినీ వరసగా పెట్టకుండా మూడు ఒకవైపు ముక్కోణంగా, రెండు దూరంగా ఎదురుమూలకు వేశాను. అలా వేస్తే కన్ను ఒకదాన్నుంచి ఇంకొకదానికి తనంతట తానే తిరుగుతుంది. గీతలా వేస్తే ఆ గీతవెంటే జారిపోతుంది. పెద్దపువ్వుల అద్దకం పక్కన మరో పెద్దపువ్వు వేయకూడదు. దాని పక్కన సన్నచుక్కలో, ఖాళీగుడ్డో ఉంటే రెండూ బతుకుతాయి.

ఇంకో సంగతి గీస్ బెండ్ వాళ్లను తలుచుకున్నాకనే నాకు తట్టింది. ఒకే చీరలో మూడు రంగులుంటాయి! వంగపండు చీర లోపలిచుట్టు, నడుము దగ్గర దోపుకునే భాగం, ఇంకా కొన్ననాటి రంగులోనే ఉంది. కుచ్చిళ్ల పైమడతలు కాస్త వెలిశాయి. భుజంమీద పడే భాగం ఎండకూ చెమటకూ పాలిపోయి దాదాపు ఉల్లిపొర రంగుకు వచ్చింది. కొత్త గుడ్డ కొనకుండానే ముదురు, మధ్యరకం, లేత మూడూ ఆ చీరలోనే దొరికాయి. పాతచీరను ఒక రంగు కింద లెక్కకట్టడం నేను చేసిన మరో పొరబాటు.

పేర్చడం ఎక్కడ మొదలుపెట్టాలి? చాలామంది మధ్యనుంచి మొదలుపెడతారు. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా అడవుల్లో సిద్దీలని ఉన్నారు. వాళ్ల పూర్వులు ఆఫ్రికానుంచి వచ్చినవారు. వాళ్ల ఆడవాళ్లు కుట్టే బొంతను కవంది అంటారు. దాన్ని వాళ్లు అంచున మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ లోపలికి కుట్టుకుంటూ వచ్చి మధ్యలో ముగిస్తారు. నాలుగు మూలలా ముక్కోణపు మడతలు కుట్టి వాటిని పువ్వులంటారు. అవి లేకపోతే వాళ్ల దృష్టిలో అది బొంతే కాదు. నేను కుట్టే పద్ధతి అది కాదు గాని, మూలలు ముందు తేల్చుకోవడం వాళ్లదగ్గర నేర్వదగ్గదే. మూలలో ముదురుముక్కలు పడితే బొంత కదలకుండా నిలబడ్డట్టుంటుంది. నాలుగు మూలలా పెడన నీలం వేశాను. తర్వాత మధ్యభాగం తనంతట తానే సర్దుకుంది.

మా చెల్లెలు హైదరాబాదునుంచి వీడియోలో చూసి, తాను కొన్న తమలపాకు పచ్చ చీర అంచుల్లో పడిందని అలిగింది. ఒకటి తెచ్చి లోపల వేశాను. నిజానికి దానివల్ల బాగుపడింది. ఆమెతో మాత్రం చెప్పలేదు.

ఇక ఎర్ర అంచు. బజారునుంచి మంచి ఎర్రగుడ్డ తెచ్చి, అలవాటు ప్రకారం ఒక ముక్క నీళ్లలో తడిపి తెల్లగుడ్డలో చుట్టి, మీద బరువు పెట్టి గంటసేపు ఉంచాను. విప్పితే తెల్లగుడ్డ గులాబీరంగు! మళ్లీ ఉతికి మళ్లీ చూశాను. మూడోసారి కూడా దిగింది. అదే కుట్టేసి ఉంటే మొదటి ఉతుకుతో 22 లేతముక్కలూ పాడయ్యేవి. కొత్త ఎరుపును, కొత్త నీలాన్ని ఎప్పుడూ నమ్మకండి. పరీక్ష చేసి తీరాలి.

అక్క ఎరుపు కావాలంటుంది, ఎరుపేమో నిలవదు. అప్పుడు మేనత్తే మంగళగిరి చీర అంచు చూపించి, "ఇది నలభై ఏళ్లుగా ఉతుకుతున్నదే గదే" అంది. బొంత చుట్టుకొలత 14 అడుగులు. చీరకు రెండు అంచులు, ఒక్కొక్కటి 5 మీటర్ల పైచిలుకు. ఒక్క అంచే సరిపోయింది, మిగిలింది కూడా. చిలకపచ్చ భాగం మధ్యలో, దాని అంచు చుట్టూ. బొంతంతా మళ్లీ ఒక చీర అయినట్టుంది.

కొత్తగుడ్డ మాత్రం వృథా పోలేదు. అడుగున వేశాను. మధ్యలో గంధపురంగు చీర మిగిలిన భాగం రెండు మడతలు. బెంగాలువాళ్లు వెనక తమ కాంథాలకు చీర అంచుల్లోంచే రంగునూలు తీసి కుట్టుకునేవారు. నాకంత నేర్పూ ఓపికా లేవు. మామూలు తెల్లదారంతోనే వరసగా సూది దూర్చుకుంటూ కుట్టాను.

కాని కుట్టకముందు ఒక రాత్రి ముక్కలన్నీ నేలమీదే వదిలేశాను. ప్రతిముక్కకూ వరసా, అంకె రాసిన చీటీ గుండుసూదితో గుచ్చాను. మర్నాడు పొద్దున ఎండలో ఒక్కసారి చూసుకుని మొదలుపెడదామని. తెల్లవారి చూస్తే మూడోవరసలో ఏదో తేడాగా ఉంది. చుక్కల చీర ముక్క కిందివరసలో ఉండవలసింది పైకి, బిడ్డ తల వచ్చే చోటికి వచ్చింది. దాని చీటీ మీద నా అంకె కొట్టేసి అక్క చేతిరాతలో వేరే అంకె ఉంది. దానివల్ల రెండు లేతముక్కలు పక్కపక్కన పడ్డాయి. నా లెక్క ప్రకారం అది తప్పే. కళ్లు సగం మూసి చూస్తే అక్కడ గీత తెలియడం లేదు.

చీటీ తీసేసి అలాగే కుట్టేశాను.